ఆంధ్ర జట్టుకు రంజీ కప్పు అందేనా?

అనంతపురం: శెనక్కాయ మొలవడం ఒక ఎత్తు, ఊడ దిగే అదనుకు వాన పడడం మరొక ఎత్తు. ఈ సంగతి అనంతపురం రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పైరు పచ్చగా కనిపించినంత మాత్రాన గింజ ఇంటికి చేరుతుందన్న నమ్మకం లేదు. ఆంధ్ర రంజీ క్రికెట్ జట్టు పరిస్థితి కూడా అచ్చం ఇలాగే ఉంది. కుర్రాళ్లలో సత్తా ఉంది. మొదట్లో ఆట బాగానే సాగుతోంది. తీరా కోతకు వచ్చే వేళకు చేయి జారిపోతోంది.

ఆంధ్ర జట్టు రంజీ పోటీల్లో అడుగుపెట్టింది 1953-54లో. సి.కె.నాయుడు అంతటి ఆటగాడు ఆ తొలి రోజుల్లో ఈ జట్టు తరఫున ఆడాడు. తెలుగు గడ్డ మీద ఉన్న మరో జట్టు హైదరాబాద్ 1937-38లో ఒకసారి, 1986-87లో మరోసారి కప్పు గెలుచుకుంది. ఆంధ్ర మాత్రం ఏడు దశాబ్దాలుగా ఆడుతున్నా కప్పు ముఖం చూడలేదు. మరి ఇప్పటి కుర్ర జట్టు మీద ఆశ పెట్టుకోవచ్చా? దీనికి జవాబు ఇండోర్‌లో ఆడిన రెండు మ్యాచ్‌లలో దొరుకుతుంది.

చేజారిన రెండు మ్యాచ్‌లు

మొదటిది 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌తో జరిగిన క్వార్టర్ ఫైనల్. ఆంధ్ర మొదటి ఇన్నింగ్స్‌లో 379 పరుగులు చేసింది. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 కొట్టారు. సారథి హనుమ విహారి మణికట్టు ఎముక విరిగినా ఎడమచేతి వాటంగా బాట్ పట్టి నిలిచాడు. మధ్యప్రదేశ్ 228కే ఆలౌటైంది. అంటే ఆంధ్రకు 151 పరుగుల ఆధిక్యం.

రంజీ నాకౌట్ మ్యాచ్‌లో ఒక నిబంధన ఉంది. ఆట డ్రాగా ముగిస్తే మొదటి ఇన్నింగ్స్‌లో ఎక్కువ పరుగులు చేసిన జట్టే ముందుకు వెళుతుంది. కనుక ఆంధ్ర అప్పుడు గెలవనక్కరలేదు. ఓపిగ్గా వికెట్లు కాపాడుకుంటూ పొద్దు పుచ్చినా సరిపోయేది. కాని రెండో ఇన్నింగ్స్‌లో జట్టు 93 పరుగులకే కుప్పకూలింది. మధ్యప్రదేశ్ 5 వికెట్లు పోగొట్టుకుని 245 పరుగుల లక్ష్యం చేరుకుంది. అయిదు రోజుల మ్యాచ్ నాలుగో రోజునే ముగిసింది.

మరుసటి ఏడాది, 2024 ఫిబ్రవరిలో, అదే మైదానంలో అదే జట్టుతో మళ్లీ క్వార్టర్ ఫైనల్. ఈసారి ఆంధ్ర బౌలర్లు ప్రత్యర్థిని రెండో ఇన్నింగ్స్‌లో 107 పరుగులకే కట్టడి చేశారు. ఇరవై ఏళ్ల నితీశ్ కుమార్ రెడ్డి నాలుగు వికెట్లు తీశాడు. గెలుపునకు 170 పరుగులు చాలు. మూడో రోజు ఆట ముగిసేసరికి 4 వికెట్లకు 95. ఇక కావలసినవి 75, చేతిలో ఆరు వికెట్లు. అయినా జట్టు 165 దగ్గర ఆగిపోయింది. ఓటమి కేవలం 4 పరుగుల తేడాతో.

విదర్భ ఏం చేసింది?

ఈ రెండు ఓటములను దురదృష్టం అని కొట్టిపారేయడం తేలిక. కాని విదర్భ వైపు చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. అదీ మనలాగే వానను నమ్ముకున్న ప్రాంతమే. పత్తి రైతుల అప్పులకు, ఆత్మహత్యలకు దేశమంతటా పేరుపడ్డ నేల. చాలా ఏళ్లపాటు ఆ జట్టును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అటువంటి విదర్భ 2017-18లో మొదటిసారి ఫైనల్‌కు వచ్చి, అదే ఇండోర్‌లో ఢిల్లీని ఓడించి కప్పు ఎత్తింది. 2018-19లో, 2024-25లో మళ్లీ గెలిచింది.

2017-18 సెమీ ఫైనల్‌లో విదర్భ కర్నాటకను ఓడించింది కేవలం 5 పరుగుల తేడాతో. ఆంధ్ర 4 పరుగుల తేడాతో ఓడితే, విదర్భ 5 పరుగుల తేడాతో గట్టెక్కింది. 2025లో కేరళతో జరిగిన ఫైనల్ అంతకన్నా మంచి పాఠం. విదర్భ మొదటి ఇన్నింగ్స్ స్కోరు కూడా 379 పరుగులే. ఆధిక్యం 37 మాత్రమే. అయినా రెండో ఇన్నింగ్స్‌లో తొందరపడకుండా ఆడి, 9 వికెట్లకు 375 చేసి, మ్యాచ్‌ను డ్రా చేసుకుని కప్పు పట్టుకుపోయింది. 37 పరుగుల ఆధిక్యాన్ని వాళ్లు కాపాడుకున్నారు. 151 పరుగుల ఆధిక్యాన్ని మనవాళ్లు పోగొట్టుకున్నారు. లోటు చేతివాటంలో లేదు, ఓర్పులో ఉంది.

కూడికలు, తీసివేతలు

బలం లేదని ఎవరూ అనలేరు. 2023-24 రంజీలో దేశం మొత్తం మీద ఎక్కువ పరుగులు చేసినవాడు రికీ భుయ్. ఆ సీజన్‌లో అతని పరుగులు 902. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2022లో ప్రపంచ కప్పు గెలిచిన అండర్-19 భారత జట్టుకు ఉపసారథి. 2024లో హైదరాబాద్ మీద 203 పరుగులు చేశాడు.

తీసివేతలూ ఉన్నాయి. పైకి వచ్చిన ఆటగాణ్ణి భారత జట్టు తీసుకుపోతుంది. నితీశ్ 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ చేశాడు. అది రాష్ట్రానికి గర్వకారణమే గాని, అక్కడ ఆడుతున్నన్నాళ్లు అతను ఆంధ్రకు దొరకడు. ఆ ఖాళీ నింపే ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. రెండవది నిలకడ. 2023-24లో తొలి మ్యాచ్ అయిన వెంటనే సారథి మారడం, సీజన్ చివర అది రచ్చకెక్కడం జట్టుకు మేలు చేయలేదు. 2024-25లో జట్టు క్వార్టర్ ఫైనల్ దాకా రాలేకపోయింది.

మన జిల్లా వాటా

ఖాళీలు నింపే ఆటగాళ్లు ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్న దగ్గరే ఈ వ్యవహారం మన గ్రామాలను తాకుతుంది. అనంతపురంలోని ఆర్డీటీ మైదానం ఏ పెద్ద నగరానికీ తీసిపోదు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. రికీ భుయ్ ఆ మైదానంలోనే రెండు సెంచరీలు చేశాడు.

పల్లె పిల్లలకు ఆ స్థాయి ఉందా అని అడిగేవారికి జవాబు ఆడపిల్లలే చెప్పారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ ఊరి అమ్మాయి బారెడ్డి అనూష 2023 జూలైలో భారత మహిళల జట్టుకు ఆడింది. పక్కనున్న కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 నవంబరులో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఉంది.

మగపిల్లల సంగతికి వస్తే, ఎండిన చెరువులో టెన్నిస్ బంతితో ఆడే కుర్రాళ్లు లేని ఊరు అరుదు. ఆ బంతి నుంచి తోలు బంతికి మారడంలోనే చాలామంది ఆగిపోతారు. తోలు బంతికి మంచి పిచ్ కావాలి, కాళ్లకు పాడ్స్ కావాలి, నేర్పేవాడు కావాలి. ప్రాక్టీసుకు పట్నం రావాలంటే బస్సు చార్జీ కావాలి, పొలం పని మానుకోవాలి. ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. 2021లో క్రికెట్ బోర్డు ప్రకటించిన రేట్ల ప్రకారం రంజీలో కొత్త ఆటగాడికి సైతం రోజుకు 40 వేల రూపాయలు. నాలుగు రోజుల మ్యాచ్ ఒక్కటి ఆడితే 1 లక్షా 60 వేలు. బోరు ఎండిన ఇంట్లో ఆ మొత్తం విలువ ఏమిటో వేరే చెప్పాలా?

తేలేది ఏమిటి?

ఆంధ్ర కప్పుకు పోటీదారేనా అంటే, అవుననే చెప్పాలి. క్వార్టర్ ఫైనల్‌లో 4 పరుగుల దూరం దాకా వచ్చిన జట్టును తీసిపారేయడానికి వీలులేదు. కప్పు గెలుస్తుందా అంటే మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేం. రెండో ఇన్నింగ్స్‌లో రోజంతా నిలబడి ఆడగల బాట్స్‌మన్లు ముగ్గురైనా తయారు కావాలి. సారథిని ఏడాది మధ్యలో కదపరాదు. మండలానికి ఒక్కటైనా తోలు బంతితో ఆడే పిచ్ ఉండాలి.

మొదటి రెండూ జట్టు పెద్దల చేతిలోని పనులు. మూడవది జరగకపోతే అనంతపురంలో ఎంత మంచి మైదానం ఉన్నా, మన పిల్లలు గట్టున కూర్చుని చప్పట్లు కొట్టడానికే మిగులుతారు.