ముందు గది, ఆ తర్వాతే తెర

స్నేహితుడొకాయన విజయవాడలో ఇల్లు కట్టుకుని, మేడమీద గదిని సినిమాలకే కేటాయించాడు. ఖరీదైన ప్రొజెక్టర్, గోడంత తెర, చుట్టూ స్పీకర్లు. గృహప్రవేశం నాటి రాత్రి ‘మాయాబజార్’ వేశాడు. పడవ పాట వచ్చేసరికి నా మనసు చివుక్కుమంది. 1957లో మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టిన వెన్నెల తెరమీద బూడిదరంగుకు తిరిగింది. ఎస్వీ రంగారావు గొంతు గోడలకు కొట్టుకుని, ఒక మాట తెగకముందే ఇంకో మాట మీద పడుతోంది.

తప్పు ప్రొజెక్టర్‌ది కాదు, గదిది. తెల్లటి గోడలు, తెల్లటి సీలింగు, నున్నటి టైల్సు, పరదా లేని అద్దాల కిటికీ. ప్రొజెక్టర్ వెలుగును మాత్రమే పంపగలదు, నలుపును పంపలేదు. వెలుగు పడనిచోటే మనకు నలుపు. తెరమీంచి చెదిరిన వెలుగు సీలింగుకు తగిలి మళ్లీ తెరమీదికే వస్తే ఆ నలుపు వెలిసిపోతుంది. తెర ఉన్నవైపు గోడకూ, దాని ముందున్న సీలింగుకూ మెరుపులేని ముదురు రంగు వేయిస్తే చాలు, అదే ప్రొజెక్టర్ మరో యంత్రంలా కనిపిస్తుంది. దానికయ్యే ఖర్చు రెండు డబ్బాల రంగు, పెయింటర్ కూలీ.

శబ్దానిదీ ఇదే కథ. నేలమీద మందపాటి జంపఖానా, కిటికీలకు బరువైన పరదాలు, వెనక గోడకు పుస్తకాల బీరువా ఉంటే ప్రతిధ్వని చాలావరకు అణిగిపోతుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించేవారున్నారు. వాటివల్ల పక్కింటికి వెళ్లే చప్పుడు ఆగదు, పైగా నిప్పు తగిలితే ప్రమాదం. స్పీకర్లలో మధ్యదాన్ని చిన్నచూపు చూడకండి. 5.1 అమరికలో సంభాషణ ఎక్కువగా అందులోంచే వస్తుంది. దాన్ని బల్ల అడుగున తోసేసి, మాటలు వినబడటం లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోతున్నాం.

తెర మరీ పెద్దది అక్కర్లేదు. 100 అంగుళాల తెర వెడల్పు దాదాపు ఏడుంబావు అడుగులు. దానికి పదడుగుల దూరంలో కూర్చుంటే హాలు మధ్య వరుసలో కూర్చున్నట్టే ఉంటుంది. సోఫాను మాత్రం వెనక గోడకు ఆనించకండి, అక్కడ బేస్ మోత ముద్దకడుతుంది. ఇల్లు కట్టిస్తున్నవారైతే స్పీకర్ల తీగల పైపులు గోడ పూత పూయకముందే వేయించుకోవాలి.

ఇంకొక్క మాట, ఇది నాకు ప్రాణం లాంటిది. ‘మాయాబజార్’ బొమ్మ దాదాపు చతురస్రం. ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చిన మన తెలుగు తొలి సినిమాస్కోప్ చిత్రం, బాగా వెడల్పు. ఒకటి వేస్తే తెరకు పక్కల ఖాళీ మిగులుతుంది, మరొకటి వేస్తే పైనా కిందా. ఖాళీ కనబడకూడదని బొమ్మను సాగదీస్తే సావిత్రి ముఖం సావిత్రిది కాకుండా పోతుంది. ఆ పని చెయ్యకండి. ఖాళీని ఖాళీగానే వదిలేయండి.

ప్రొజెక్టర్ కొనాలనుకునేవారు ముందుగా దాన్ని పెట్టబోయే గదిలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. అది గోడల మధ్య గణగణమని మోగితే ఈ నెల జీతంతో పరదాలు, జంపఖానా కొనండి. ప్రొజెక్టర్ సంగతి వచ్చే నెల చూసుకోవచ్చు.