పాట పాడమంటారు, చేప పట్టనివ్వరు

జపాన్ ఉత్తర కొసన ఉన్న హొక్కైడో దీవిలో షిరావోయ్ అని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో పొరోతో సరస్సు గట్టున 2020 జూలై 12న ప్రభుత్వం ఒక జాతీయ ప్రాంగణాన్ని తెరిచింది. పేరు ఉపోపోయ్. ఐను అనే ఆదివాసీ జాతి గౌరవం కోసం కట్టామని చెప్పింది. ఏడాదికి పది లక్షల మంది సందర్శకులు రావాలని తెరవకముందే లక్ష్యం పెట్టుకుంది. టోక్యో ఒలింపిక్స్‌కి వచ్చే విదేశీయులకు చూపించాలని తొందరపడి పని ముగించింది. లోపల బోర్డుల మీద మొదటి వరస ఐను భాషలోనే ఉంటుంది. వేదిక మీద ఐను పాటలు, ఐను నృత్యాలు. అంతా బాగానే ఉంది. కానీ ఇంత ఖర్చు పెట్టిన ప్రభుత్వం ఐను భాషలో పాఠాలు చెప్పే బడి ఒక్కటంటే ఒక్కటి కూడా తెరవలేదు. నా కోపమంతా అక్కడే.

యునెస్కో 2009లో వేసిన జాబితాలో జపాన్‌లో ప్రమాదంలో ఉన్న భాషలు ఎనిమిది. వాటిలో ఐనుది అన్నిటికంటే చివరి మెట్టు. ఆ మెట్టు దిగితే ఇక మిగిలేది నిఘంటువే. 2017లో హొక్కైడో ప్రభుత్వం చేయించిన సర్వేలో ఐనులమని చెప్పుకున్నవాళ్లు సుమారు 13 వేల మంది తేలారు. చెప్పుకోని వాళ్లు ఎందరో ఎవరికీ తెలియదు. పెళ్లిలో, ఉద్యోగంలో, బడిలో తరాలపాటు అవమానాలు పడ్డ జాతి తన పేరు తానే దాచుకుంటుంది. ఆ 13 వేల మందిలోనూ ఇంట్లో అమ్మ ఒళ్లో ఈ భాష నేర్చుకుని పెరిగినవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు.

ఇది దానంతట అదే జరగలేదు. కాలంతో పాటు భాషలు పోతుంటాయని చెప్పేవాళ్లకు ఐనుల చరిత్ర తేదీలతో సహా జవాబు చెబుతుంది. 1869లో మెయిజీ ప్రభుత్వం ఆ దీవికి కొత్త పేరు పెట్టి తన రాజ్యంలో కలుపుకుంది. 1871లో ఆడవాళ్ల పచ్చబొట్లనూ మగవాళ్ల చెవిపోగులనూ నిషేధించి, జపనీస్ నేర్చుకోమంది. 1876లో విషపు బాణాలతో వేటాడటం నేరమైంది. ఆ 1870, 80 దశకాల్లోనే ఒక్కో నదినీ మూసేస్తూ, తరతరాలుగా వాళ్ల తిండి అయిన సాల్మన్ చేపను పట్టకుండా చేసింది. 1899లో ‘ఆదివాసుల రక్షణ చట్టం’ అని ఒకటి తెచ్చి, వేటాడే జాతి చేతికి వ్యవసాయపు భూమీ పలుగూ ఇచ్చి రైతుల్లా బతకమంది. 1901 నుంచి ఐను పిల్లలకు వేరే బడులు పెట్టి, అందులో జపనీసే నేర్పింది. ఆ 1899 చట్టం 1997 దాకా పుస్తకాల్లో బతికే ఉంది. తిండి తీసేసి, అడవి తీసేసి, ఆఖరికి పిల్లాడి నోట్లో మాట తీసేశారు. ఆ వరస చూడండి. ఒకటి జరగకుండా రెండోది జరిగేది కాదు.

కయానో షిగేరు అని ఒక మనిషి ఉండేవాడు. 1926లో సారు నది ఒడ్డున నిబుతాని పల్లెలో పుట్టాడు. నాయనమ్మ చెప్పే కథలతో ఐను భాష వంటబట్టిన ఆఖరి తరం ఆయనది. తన చిన్నతనంలో తండ్రి రాత్రివేళ దొంగతనంగా నదిలో దిగి సాల్మన్ పట్టి తెచ్చి పిల్లలకు పెట్టేవాడని, ఒకరోజు పోలీసు ఇంటికే వచ్చి ఆ తండ్రిని తీసుకుపోయాడని ఆత్మకథలో రాశాడు. తాతముత్తాతల నదిలో చేప పట్టినందుకు! ఆ పిల్లాడే పెద్దవాడై పల్లెలో ఐను భాషకు తరగతులు మొదలుపెట్టాడు, నిఘంటువు కూర్చాడు, 1994లో జపాన్ పార్లమెంటులో అడుగుపెట్టిన మొదటి ఐను అయ్యాడు. అక్కడ ఐను భాషలోనే మాట్లాడి, ఆ సభ ఎన్నడూ వినని మాట వినిపించాడు.

అదే మనిషి అదే నది కోసం కోర్టుకు కూడా వెళ్లాల్సి వచ్చింది. దూరాన కట్టబోయే పరిశ్రమలకు నీళ్లివ్వాలని నిబుతాని దగ్గర సారు నదికి అడ్డంగా ఆనకట్ట తలపెట్టారు. ఐనులు పడవలను నీళ్లలోకి దింపే పండుగ జరుపుకునే పవిత్రస్థలం ముంపులో పోతుంది. కయానో, మరో భూయజమాని కలిసి భూమి ఇచ్చేది లేదన్నారు. 1997 మార్చి 27న సప్పోరో జిల్లా కోర్టు తీర్పు చెప్పింది. ఐనులు ఆదివాసులే, వాళ్ల సంస్కృతిని లెక్క చేయకుండా భూమి లాక్కోవడం చట్టవిరుద్ధమే అంది. కానీ ఆనకట్ట ఇప్పటికే కట్టేశారు కాబట్టి ఉండనివ్వాలంది. నేరం జరిగిందని ఒప్పుకుని నేరస్థుడికే సొత్తు ఇచ్చిన తీర్పు అది! ఆ నీళ్లు కావాలన్న పరిశ్రమల పథకం ఆ తర్వాత అనుకున్నట్టు నడవలేదు. అయినా 2022 నాటికి ఆ నదికే చెందిన ఎగువ పాయ మీద ఇంకో ఆనకట్ట పూర్తి చేశారు.

ఇక రెండో కొసకు, దక్షిణాన ఒకినావాకు పోదాం. అక్కడ ఒకప్పుడు ర్యూక్యూ అనే సొంత రాజ్యం ఉండేది. 1879లో జపాన్ దాన్ని మింగేసింది. ఆ దీవుల భాషలు జపనీస్‌కు బంధువులే అయినా టోక్యో మనిషికి ఒక్క ముక్క అర్థం కావు. వాటిని యాసలనే తేల్చేశారు. బడుల్లో ఒక చెక్కముక్క పెట్టారు. దాని మీద ‘యాస బిళ్ల’ అని రాసి ఉండేది. ఇంటిభాష మాట్లాడి దొరికిన పిల్లాడి మెడలో దాన్ని తాడు కట్టి వేలాడదీసేవాళ్లు. ఆ బిళ్ల వదలాలంటే ఒక్కటే దారి. ఇంకో పిల్లాడు నోరు జారి అమ్మ మాట మాట్లాడే దాకా కాపు కాసి, పట్టుకుని, వాడి మెడలో వేయాలి. అంటే ఎనిమిదేళ్ల పిల్లాడిని పక్క బెంచీ స్నేహితుడి మీద గూఢచారిని చేశారు. కొట్టిన దెబ్బ మానుతుంది. స్నేహితుడికి దొరికిపోయిన సిగ్గు మానదు. ఆ సిగ్గు మోసిన పిల్లలే తల్లిదండ్రులై తమ పిల్లలతో జపనీసే మాట్లాడారు. 1945లో అమెరికా సేనలు దిగినప్పుడు అక్కడి జపాన్ సైన్యం, ఒకినావా భాష మాట్లాడేవాళ్లను గూఢచారులుగా భావించి శిక్షిస్తామని ఉత్తర్వు ఇచ్చింది. సొంత ఇంట్లో సొంత భాష మరణశిక్ష తెచ్చే నేరమైంది! ఈ రోజు అదే ఒకినావాకు సముద్రం, ర్యూక్యూ రాజుల ఎర్ర కోట, మూడు తీగల సన్షిన్ సంగీతం చూపించి యాత్రికులను పిలుస్తున్నారు. 2018 ఆర్థిక సంవత్సరంలో కోటి మంది వచ్చారు.

మనుషుల్ని ఇలా చూపించడం కొత్త సంగతి కాదు. 1903లో ఒసాకాలో జరిగిన జాతీయ పారిశ్రామిక ప్రదర్శన పక్కనే ‘మానవశాల’ అని ఒక కొట్టం వేసి, అందులో ఐనులను, తైవాన్ ఆదివాసులను, ఒకినావా ఆడవాళ్లను గుడిసెల్లో కూర్చోబెట్టి టికెట్ పెట్టి చూపించారు. ఒకినావా పత్రికలు మండిపడ్డాయి, నిజమే. కానీ మమ్మల్ని ఆ ఐనుల పక్కన కూర్చోబెడతారా అన్నది ఆ మంటలో ఒక భాగం. తొక్కబడ్డవాడి చేత ఇంకొకడిని తొక్కించడం, ఆ చెక్కబిళ్లలో ఉన్న కిటుకే. సరిగ్గా ఆ 1903లోనే హొక్కైడోలో చిరి యుకియే అనే ఐను పిల్ల పుట్టింది. అమ్మమ్మ నోటి గాథలను రోమన్ లిపిలో రాసి, పక్కన జపనీస్ అనువాదం ఇచ్చి, పుస్తకం అచ్చు కాకుండానే 19 ఏళ్లకు గుండె జబ్బుతో పోయింది. 1923లో పుస్తకం వచ్చింది. ఒక జాతి గొంతును ఒక పందొమ్మిదేళ్ల అమ్మాయి ఒంటరిగా మోయాల్సి రావడం ఏ దేశానికైనా తలవంపు.

సినిమాల సంగతికి వద్దాం. ఫుకునాగా తాకేషి 2020లో తీసిన ‘ఐను మోషిర్’ చూడండి. అకాన్ సరస్సు దగ్గర ఐనుల పల్లె ఉంది. అక్కడివాళ్లే నటించారు. పద్నాలుగేళ్ల కుర్రాడు కాంతో, వాళ్లమ్మ నడిపే జ్ఞాపికల దుకాణం. యాత్రికురాలు ఒకామె వచ్చి, మీరు జపనీస్ ఎంత బాగా మాట్లాడుతున్నారో అని ఆ తల్లిని మెచ్చుకుంటుంది. ఆ ఒక్క క్షణంలో నూటయాభై ఏళ్ల కథ ఉంది. జపనీస్ తప్ప వేరే మాట నోట్లో మిగలకుండా చేసి, ఇప్పుడు ఆ జపనీస్‌కే మెచ్చుకోలు! చిత్రంలో పెద్దమనిషి ఒకాయన అడవిలో రహస్యంగా ఎలుగుపిల్లను పెంచుతూ ఆగిపోయిన ఇయోమాంతె క్రతువును మళ్లీ చేయాలనుకుంటాడు. ఆ క్రతువును 1955లో అనాగరికమంటూ హొక్కైడో గవర్నరు ఉత్తర్వుతో ఆపించారు, 2007లో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. యాత్రికుల ముందు ఆడే ఆటకీ, తమ దేవుడి కోసం చేసే క్రతువుకీ మధ్య ఆ పిల్లాడు ఎలా నలిగిపోతాడో తెలుగు చలనచిత్ర సంఘాలు కూర్చుని చూడాలి.

ఇటు ‘గోల్డెన్ కాముయ్’ వచ్చింది. బొమ్మల కథగా మొదలై యానిమేషన్ అయి, 2024లో పెద్ద తెరకెక్కింది. ఐను భాషా పండితుడిని పక్కన పెట్టుకుని మాటలు సరిచూసుకున్నారు, వంటలూ బట్టలూ శ్రద్ధగా చూపించారు. ఆ శ్రద్ధను నేను కాదనను. కానీ కథకు గుండెలాంటి ఐను అమ్మాయి పాత్ర ఐను కాని నటికి పోయింది. అన్ని కోట్ల యెన్‌ల వ్యాపారంలో ఐను పిల్లలకు నాయికగా నిలబడే చోటు దొరకలేదు. నాకు నచ్చిన దారి ఒకినావా దర్శకుడు తకమినే గోది. 1989లో ‘ఉన్‌తమగిరూ’ అనే సినిమాలో మనుషుల చేత ఒకినావా భాషే మాట్లాడించి, కింద జపనీస్ అక్షరాలు వేశాడు. జపాన్ ప్రేక్షకుడు తన దేశపు సినిమాను కింద అక్షరాలు చదువుతూ చూశాడు. ఆ బిళ్ల మోసిన ప్రతి పిల్లాడి తరఫున కొట్టిన దెబ్బ అది. మరుసటి ఏడాది బెర్లిన్ చిత్రోత్సవం దానికి బహుమతి ఇచ్చింది.

జపాన్‌ను ఇంత తిడుతున్న మనం మన తెర చూసుకున్నామా? 2022 అక్టోబర్‌లో ‘ఆర్ఆర్ఆర్’ జపాన్‌లో విడుదలై, ‘ముత్తు’ రికార్డును దాటేసి అక్కడ అత్యధికంగా వసూలు చేసిన భారతీయ సినిమా అయింది. అక్కడివాళ్లు మళ్లీ మళ్లీ చూసి చప్పట్లు కొట్టారు. మనం గర్వపడ్డాం. అందులో భీమ్ గోండు వీరుడు. అతని గూడెం గోండు గూడెం. మరి ఆ గూడెంలో గోండీ ఏది? మల్లి పాడే పాట తెలుగు, తల్లి ఏడ్చే ఏడుపు తెలుగు. ఆదిలాబాద్, బస్తర్‌లతో సహా మధ్య భారతంలో దాదాపు 30 లక్షల మంది మాట్లాడే భాష అది. రాజ్యాంగపు ఎనిమిదో షెడ్యూల్లో ఇప్పటికీ దానికి చోటు లేదు. కుమ్రం భీమ్ పేరు జిల్లాకు పెట్టాం, జోడేఘాట్‌లో విగ్రహం పెట్టాం, మ్యూజియం కట్టాం. షిరావోయ్‌లో జపాన్ చేసిందీ అదే.

పర్యాటకం లేకపోతే ఐనులు తినేదేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అకాన్‌లో చెక్క ఎలుగులు చెక్కి అమ్మినవాళ్లు, సాయంత్రం వేదికెక్కి ఆడినవాళ్లు అలాగే పిల్లల్ని పెంచారు. వాళ్లను నేనొక్క మాట అనను. ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఆటనూ పాటనూ నిలబెట్టింది వాళ్లే. నేను నిలదీసేది 2019 నాటి చట్టాన్ని. జపాన్ చట్టాల్లో ఐనులను ఆదివాసీ జాతిగా మొదటిసారి ఒప్పుకున్నది అదే. ఒప్పుకుని ఏమిచ్చింది? స్థానిక పురపాలక సంఘాలకు సంస్కృతి, పర్యాటకం పనుల కోసం నిధులిచ్చింది. భూమి మీద హక్కు ఇవ్వలేదు, నది మీద హక్కు ఇవ్వలేదు, పిల్లలకు తమ భాషలో చదువుకునే హక్కూ ఇవ్వలేదు. విశ్వవిద్యాలయాల వాళ్లు పరిశోధన పేరుతో ఐనుల సమాధులు తవ్వి పట్టుకుపోయిన ఎముకలను, వెయ్యి మందికి పైగా మనుషులవి, ప్రభుత్వం ఉపోపోయ్‌కే చెందిన ఒక భవనంలో భద్రపరిచింది. మా ఊరి మట్టికి మా తాతల్ని తిరిగివ్వండని అడిగే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

భాష బతకడం కుదరదని ఎవరైనా అంటే, న్యూజిలాండ్ కూడా దీవుల దేశమే, అటు చూడండి. మావోరీ పెద్దవాళ్లు 1982లో ‘కోహంగా రెయో’ పేరుతో పసిపిల్లల బడులు పెట్టారు. అమ్మమ్మలు కూర్చుని మావోరీలోనే మాట్లాడారు. వాళ్లు పోరాడి 1987లో భాషకు అధికార హోదా తెచ్చుకున్నారు, 2004లో సొంత టీవీ తెచ్చుకున్నారు. 2017లో ‘మోనా’ కార్టూన్ సినిమా మావోరీ గొంతుతో థియేటర్లకు వచ్చింది, పిల్లలు నవ్వుతూ చూశారు. అక్కడా బాధలు తీరిపోలేదు. కానీ ఆ దేశంలో బడి ముందు వచ్చింది, సినిమా తర్వాత వచ్చింది. జపాన్ బడిని పూర్తిగా మర్చిపోయింది.

ఇక చేప సంగతి. తోకాచి నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో ఉరాహోరో అనే ఊరుంది. అక్కడి ఐనులు రాపోరో ఐను నేషన్ అనే సంఘంగా కూడి, మా నదిలో సాల్మన్ పట్టుకునే హక్కు మాదేనని 2020లో ప్రభుత్వం మీద దావా వేశారు. 2024 ఏప్రిల్ 18న సప్పోరో జిల్లా కోర్టు ఆ దావా కొట్టేసింది. ఐనుల సంస్కృతిలో సాల్మన్ ప్రధానమేనంది, అయినా నది అందరిదీ కాబట్టి ఆ హక్కు ఇవ్వలేమంది.

ఈ ఏడాది మన తెలుగువాళ్లు ఇంకా చాలామంది జపాన్ వెళ్తారు. చెర్రీ పూలు చూడండి, బుల్లెట్ రైలెక్కండి. హొక్కైడో దాకా వెళ్లి ఐనుల ఆట చూసి వీడియో తీసేవాళ్లుంటే, అందులో ఈ తీర్పు గురించి కూడా రెండు నిమిషాలు చెప్పండి. ఈ పాట పాడేవాళ్ల పిల్లలకు ఈ భాషలో బడి ఎక్కడుందని ప్రాంగణం వాళ్లను అడగండి. టికెట్ కొన్నారు కాబట్టి అడిగే హక్కు మీకుంది.