మనోవ్యాధికి మందు ఉంది, దారి చూపే బోర్డే లేదు

మనోవ్యాధికి మందు లేదని మన పెద్దలు అంటూ వచ్చారు. వారి రోజుల్లో అది నిజమే కావచ్చు. నేడు మాత్రం కాదు. మందు ఉంది, మాటతో ఊరట కలిగించి దారిలో పెట్టేవారు ఉన్నారు, చట్టమూ ఉంది. ఏ రోజున, ఏ ఆసుపత్రిలో, ఏ గదికి వెళ్లాలో పల్లె జనానికి చెప్పే నాథుడే కరువయ్యాడు.

ఈ విషయంలో మన ఉమ్మడి మెదక్ జిల్లాకు ఒక చరిత్ర ఉన్నదని చాలామందికి తెలియదు. కేంద్ర ప్రభుత్వం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని చేపట్టింది. దాన్ని జిల్లాల స్థాయికి తేవాలని 1996లో దేశం మొత్తం మీద మొదటగా ఎంపిక చేసిన నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి. 2016లో మన జిల్లా మూడు జిల్లాలయింది. సిద్దిపేటలో 2018లో, సంగారెడ్డిలో 2022లో, మెదక్‌లో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇంత జరిగినా, ఊళ్లో ఎవరినైనా ఆపి "నిద్ర పట్టక, బతుకు మీద విరక్తి పుడితే యాడికి పోవాలె?" అని అడిగి చూడండి. ఒకరు గుడి పేరు చెబుతారు, ఒకరు తాయెత్తు కట్టేవాని పేరు చెబుతారు. మూడోవాడు నవ్వి "ఎర్రగడ్డకు" అంటాడు.

ఎర్రగడ్డ మనకు పరాయి చోటు కాదు. మన రైతులు కూరగాయల గంపలతో తెల్లవారకముందే దిగే రైతుబజారు అక్కడే ఉంది. కాని ఆసుపత్రికి పోయేవారు మాత్రం కండక్టరుకు ఆ పేరు చెప్పలేక, ముందరి ఈ.ఎస్.ఐ. స్టాపుకు టికెట్ అడిగి, ఒక స్టాపు ముందే దిగిపోతారు. తెలిసినవారు ఎదురైతే రైతుబజారుకు వచ్చామంటారు. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే ఈ గుట్టు మరీ ఎక్కువ. అయితే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలు మూతపడినప్పుడు, మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడినవారు చేతులు వణికి, మతి తప్పి మాట్లాడుతుంటే ఇంటివారు ఆ ఆసుపత్రికే వరుస కట్టారు. అప్పుడు సిగ్గు అడ్డం రాలేదు. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది చీటీ రాయించుకుని, మందులు తీసుకుని ఆ పూటే ఇంటికి తిరిగి వచ్చేవారేనన్న సంగతి మన హాస్యగాళ్లకు తెలిసినట్లు లేదు.

పల్లెవాళ్లు మూఢనమ్మకాల వల్లనే డాక్టరు దగ్గరకు రారని పట్నంవారు తరచూ అంటారు. ఒకప్పుడు బాణామతి అనగానే మన జిల్లా పేరే చెప్పేవారు. అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టిన ఘోరాలూ జరిగాయి. కాదనలేం. కాని ఈ విలేఖరి ఆ వాదనతో పూర్తిగా ఏకీభవించడం లేదు. పిల్లవాడికి జ్వరం వస్తే మన తల్లులు దిష్టీ తీస్తారు, గోలీ కూడా వేస్తారు. గోలీ ఎక్కడ దొరుకుతుందో తెలుసు గనుక వేస్తారు. మనసు చెదిరినప్పుడు ఎక్కడికి పోవాలో తెలియదు, దిష్టి ఒక్కటే మిగులుతుంది.

అసలు చాలామంది మనసు బాగాలేదని చెప్పరు కూడా. తలనొప్పి అంటారు, గుండె దడ అంటారు, ఒళ్లంతా మంటలు అంటారు, కూడు సయించడం లేదంటారు. ఊరి ఆర్.ఎం.పి. ఒక సెలైన్ ఎక్కించి, బలానికి సూది వేస్తాడు. వారం తిరిగేసరికి మళ్లీ అదే మాట. ఇలా రెండు వారాలు దాటి దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం కనిపిస్తే అది సెలైన్‌తో పోయే జబ్బు కాదు. డాక్టరు రాసిన మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే పని చేయలేదని మానేయడం, కొంచెం నయం కాగానే సొంతంగా ఆపేయడం రెండూ పొరపాట్లే. అందరికీ మందులే అక్కరలేదు. కౌన్సెలింగ్ అంటే ఊరికే ధైర్యం చెప్పడం కాదు. ఏ తలపు వెనుక ఏ తలపు వస్తున్నదో విడమరిచి, రోజుకో చిన్న పని చేయించి, మనిషిని మళ్లీ బతుకులోకి తెచ్చే విద్య అది.

ఆమధ్య మా వాడలోని ఒక ఇల్లాలిని ఈ విలేఖరి ఒక పెద్దాసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్లడం జరిగింది. చీటీ రాసే చోట మానసిక వైద్యుడు ఏ రోజు వస్తారో చెప్పలేకపోయారు. ఒకరు మంగళవారం అన్నారు, ఒకరు పై అంతస్తు అన్నారు. మంగళవారం పోతే డాక్టరు క్యాంపుకు వెళ్లారన్నారు. ఆమె కూలి రెండు రోజులు పోయింది. మూడోసారి రమ్మంటే రానన్నది. ఆమెది మూఢనమ్మకమా?

ఫోను మార్గం ఒకటి ఉంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్‌కు 14416 నంబరుపై రాత్రి పగలు ఎప్పుడైనా డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు, తెలుగులోనే. మేలైన ఏర్పాటు. కాకుంటే చాలా ఇళ్లలో ఫోను కొడుకు చేతిలోనో మగని జేబులోనో ఉంటుంది. అత్త వింటుండగా కోడలు ఏం చెప్పుకుంటుంది? ఆరోగ్య ఉపకేంద్రంలో తలుపు వేసుకుని అరగంట మాట్లాడుకునే వీలు కల్పిస్తే ఆ నంబరు ఆడవారికి కూడా అక్కరకు వస్తుంది. ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు తలచుకుంటే కష్టమేమీ కాదు.

మరో సంగతి. పురుగు మందు తాగినవారిని పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఇంట్లోనే పెట్టుకుని, చింతపండు పులుసు పోసి కాలయాపన చేసేవారు ఇంకా ఉన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించరాదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేనే లేదు. పోలీసులు వచ్చి వాంగ్మూలం రాసుకోవచ్చు, అంతే. కాబట్టి 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి తరలించాలి. మందు డబ్బాలు ఇంట్లో గాక, తాళం వేసిన పెట్టెలో ఉంచడం మంచిది. దిగులుగా ఉన్నవారిని "చావాలని అనిపిస్తున్నదా?" అని అడగడానికి జంకనక్కరలేదు. అడిగినంత మాత్రాన ఆ తలపు పుట్టదు. చాలామందికి అడిగినందుకే గుండె బరువు దిగుతుంది.

ఇక కావలసింది పెద్ద నిధులేమీ కావు. మూడు జిల్లాల వైద్యాధికారులు మానసిక వైద్యుడు కూర్చునే రోజు, వేళ, గది నంబరు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ రాసి పంపాలి. డాక్టరు సెలవు పెడితే ముందు రోజే తెలపాలి. సర్పంచులు ఆ వివరాలనూ 14416 నంబరునూ పంచాయతీ గోడ మీద, ఉపాధి పనుల బోర్డు పక్కన, అందరూ చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాయించాలి. వచ్చే గ్రామసభలో మహిళా సంఘాలవారు ఈ విషయాన్ని లేవనెత్తి, ఏ తేదీలోగా రాయిస్తారో సర్పంచు నోట చెప్పించి, తీర్మానంలో చేర్పించాలి.