జీవో ముందా, చెకింగ్ ముందా?
నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాట్ ఎక్కితే పిల్లల మాట మారిపోతుంది. చాలా ఇళ్లలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు.

2019 నవంబరులో సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియమే అంటూ 81, 85 జీవోలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. వీలైనంతవరకు మాతృభాషలోనే చెప్పాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది మరి!

అప్పుడు తెలుగా, ఇంగ్లిషా అని ఒకటే గొడవ. (అరిచినవాళ్ల పిల్లలు ఏ మీడియమో అడక్కండి.) ఆ కొండపిల్లకి రెండూ పరాయివే. సొంత భాష వాడుకునే హక్కు ఆమెకు కాదనకూడదని బాలల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం చెబుతోంది. 1992లోనే మన దేశం దానికి ఒప్పుకుంది. జీవో రాసేటప్పుడే ఈ రెండు కాగితాలూ ఎదురుగా పెట్టుకుని ఉంటే కోర్టుదాకా ఎందుకు? ఇంగ్లిష్ వద్దనట్లేదు నేను. ఒకటో క్లాసులో టీచరమ్మ మాట ఆ పిల్లకి అర్థమవ్వాలంటున్నా, అంతే.