మృతుల మర్యాద

చచ్చినవాని కండ్లు చారెడేసి యని మనవారి సామెత. బ్రదికియుండగా నొల్లనివారు సైతము పోయిన పిమ్మట పొగడుదురని దాని భావము. నేడు దారుణముగా హతులైనవారికి, అందును ఆడుపిల్లలకు, ఆపాటి మర్యాదయు దక్కుట లేదు. యథార్థ నేరగాథలను పేరుతో టెలివిజనులోను, యూట్యూబులోను, ఓటీటీ వేదికలమీదను చూపు డాక్యుమెంటరీలలో హంతకుని తెలివికి వర్ణన, హతురాలి నడవడికి విచారణ పరిపాటియైనవి. ఆమె ఎవరితో మాటలాడెను, ఏ వేళ బయటికి పోయెను, ఏ బట్ట కట్టెను? ఇదియే కథ. బదులు చెప్పుటకు ఆమె లేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2007 డిసెంబరులో విజయవాడ చేరువనున్న ఇబ్రహీంపట్నములో ఒక హాస్టలునందు ఫార్మసీ చదువుచున్న యువతి అత్యాచారమునకు గురియై హత్య గావింపబడెను. 2008లో పోలీసులొక యువకుని పట్టుకొని కేసు తేలినదనిరి. 2010లో విజయవాడ మహిళా న్యాయస్థానము అతనికి శిక్ష విధించెను. 2017 మార్చి 31వ తేదీన ఉమ్మడి హైకోర్టు అతడు నిర్దోషియని విడుదల చేసెను. 2018లో దర్యాప్తు సి.బి.ఐ. చేతికి పోయెను. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధిని త్రవ్వి ఆ బిడ్డ యవశేషములను మరల పరీక్షించిరి. బిడ్డ పోయిన పండ్రెండేండ్లకు ఆ తల్లిదండ్రులు భరింపవలసివచ్చిన ఘట్టమది.

2010లో ఈ కథకు తెరమీద ముగింపు పలికినవాడు 2017లో ఏ ముఖముతో పలుకును? కథకుడు తొందరపడినచో బలియగువారు ఒకరు కాదు, ఇద్దరు.

ఆ యువతి పేరు మేము వ్రాయలేదు. మరచి కాదు. అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించుట నేరమని 1983లోనే శిక్షాస్మృతిలో 228-ఎ సెక్షను చేర్చిరి. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షనై యున్నది. మృతులకును గౌరవము కలదనియు, బాధితురాలు మరణించినంతమాత్రమున పేరు బయటపెట్టరాదనియు 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసునందు సుప్రీంకోర్టు స్పష్టపరచెను. ఆ యేడే కఠువా బాలిక గుర్తింపును వెల్లడించిన వార్తాసంస్థలు ఒక్కొక్కటి 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని ఢిల్లీ హైకోర్టు ఆదేశించెను. అయినను మన పట్టణమున ఆ కేసు నేటికిని ఆ బిడ్డ పేరుతోనే పిలువబడుచున్నది. ఈ దోషమున పత్రికలకును పాలు కలదని ఒప్పుకొనక తప్పదు.

పత్రికలు, టెలివిజను పట్టుపట్టకున్న ఇట్టి కేసులు మూలబడియుండెడివని కొందరందురు. నిజమే. ఆ తల్లిదండ్రులే కెమెరాల యెదుట నిలిచి న్యాయమడిగిరి. ఢిల్లీలో 2012లో హతురాలైన యువతి తల్లి 2015లో తన బిడ్డ పేరును సభలో పలికి, అందుకు తాను సిగ్గుపడననెను. కాని తల్లి పలుకుట వేరు, అమ్ముకొనువాడు పలుకుట వేరు. న్యాయమునకై చెప్పు కథ అధికారిని ప్రశ్నించును. అమ్మకమునకై చెప్పు కథ శవమును ప్రశ్నించును. మంచి చెడ్డలకు ఇదియే గీటురాయి.

ఆ ఢిల్లీ ఘటనపై బి.బి.సి. 2015లో ప్రసారము చేసిన ఇండియాస్ డాటర్ అను చిత్రమున తీహారు జైలులోని దోషిని మాటలాడించిరి. అతడు తప్పును హతురాలిమీదనే మోపెను. మన ప్రభుత్వము చిత్రమును నిషేధించెను. ఆ నిషేధమును మేము మెచ్చము. అందు తల్లిదండ్రులు ఆమె చదువును, ఆశలను చెప్పిరి కనుక ఆమె మనిషిగా నిలిచినది. అయినను లోకమంతయు చర్చించినది దోషి మాటలనే! హంతకునికి మైకు నిచ్చువాడు ముందే తలపవలసిన ఫలితమిది.

మన పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథను స్మరింపుడు. అత్తవారింట బాధలుపడిన ఇల్లాలి కథ యది. చెప్పువాడు ఆమె పక్షమున నిలిచి చెప్పును. వినువారు చేతులు జోడింతురు. బాధపెట్టినవారి చాతుర్యమును ఎవరును కొనియాడరు. అక్షరము రాని పల్లెలకు తెలిసిన ఈ మర్యాద కెమెరా పట్టినవారికి తెలియరాదా?

చిత్రములు తీయువారిని మేము కోరునది కొంచెమే. కుటుంబముయొక్క సమ్మతి లేక కథను చేపట్టరాదు. హింసను నటులచే మరల నాడించి చూపరాదు. తీర్పు రానిదే ఎవనిని హంతకుడనరాదు. తీర్పు మారినచో చిత్రమును మార్చవలెను. హాస్టలులోని పిల్లలకు రక్షణ యెట్టిది, దర్యాప్తు హైకోర్టు యెదుట ఏల నిలువలేదు, ఆ న్యాయస్థానము నిర్దోషియన్న మనిషి ఎనిమిదేండ్లకు పైగా చెరలో ఏల నుండెను? ఈ ప్రశ్నలకై కెమెరాను త్రిప్పవలెను. కథలకు కొరత యుండదు.

చూచువారికిని బాధ్యత కలదు. తెనాలిలో సమాధిని త్రవ్వుటకు చట్టపు అనుమతి కావలసివచ్చెను. తెరమీద త్రవ్వువానికి ఆ అనుమతిని ప్రేక్షకుడే యిచ్చుచున్నాడు. దానిని నిరాకరించు అధికారమును అతనిదే.