గోల్ఫ్ మైదానానికి వానపాము శత్రువట!

గట్టిపడ్డ నేల గురించి వీడియోలో మాట్లాడుకున్నాం కదా, అందులో టైమ్ చాలక వదిలేసిన ముచ్చట ఇది.

బ్రిటన్‌లో సెప్టెంబర్, అక్టోబర్ వచ్చాయంటే గోల్ఫ్ మైదానాల్లో పని ముమ్మరం. జనం తొక్కి తొక్కి నేల బిగుసుకుపోతుంది. మిషన్‌తో రంధ్రాలు చేసి, మట్టి కడ్డీలు బయటికి లాగి, ఇసుక నింపుతారు. గాలి, నీరు లోపలికి దిగాలని. మన దగ్గర ఈ పని వానపాము ఫ్రీగా చేస్తుంది!

అక్కడ మాత్రం వానపామే తలనొప్పి. ఆ కాలం తేమకి అది పైకొచ్చి వేసే మట్టి కుప్పలు గడ్డిని పాడు చేస్తాయట. దాన్ని అణచడానికి ఏళ్ల తరబడి కార్బెండజిమ్ వాడారు. అవునండీ, మనం తెగుళ్లకి కొట్టేదే, విత్తనశుద్ధికి కలిపేదే. ఇప్పుడు అక్కడ దానికి అనుమతి లేదు. కుప్పలు ఆరాక బ్రష్‌తో చిమ్ముకుంటున్నారు.

ఆటకి సాఫీ గడ్డి కావాలి, వాళ్ల లెక్క వాళ్లది. మరి మనమో? డిప్లొమాలో నాకు ఇది శిలీంద్రనాశిని అనే నేర్పారు, వానపాము ఊసే ఎత్తలేదు. ప్రకృతి సేద్యంలోకి రాకముందు మిరపకి నేనూ కొట్టా. అదే ఏడాది డబ్బు పెట్టి వర్మీకంపోస్టు బస్తాలూ కొన్నా. కొన్న విత్తనం వాడేవాళ్లు ఆ ప్యాకెట్ మీద ఏ మందు పట్టించారో ఓసారి చదవండి.