మంట లేచినప్పుడల్లా అగిర్రె

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వబోవటాన్ని మనవాళ్ళు ఎగతాళి చేస్తారు. మెక్సికో ఫుట్‌బాల్ సమాఖ్య ఆపాటి శ్రమ కూడా పడదు. నిప్పార్పే మనిషినొకణ్ణి ఎరిగి ఉన్నది కనుక, మంట లేచినప్పుడల్లా ఆయనకే కబురు పంపుతుంది. ఆయన పేరు హవియెర్ అగిర్రె. 2001లో, 2009లో, మరల 2024 జూలైలో జాతీయ జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. మూడు పర్యాయాలూ జట్టు చిక్కుల్లో ఉన్న సమయమే. దీనిలో ఆయన ప్రతిభ ఎంత ఉన్నదో, పిలిచినవారి వైఫల్యం అంతకంటె ఎక్కువగా ఉన్నదని చెప్పక తప్పదు.

అగిర్రె 1958లో మెక్సికో నగరంలో జన్మించారు. తలిదండ్రులు స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం నుండి వలస వచ్చినవారు. 'ఎల్ వాస్కో', అనగా బాస్క్‌వాడు, అనే పేరు ఆయనకు అట్లా వచ్చింది. మిడ్‌ఫీల్డర్‌గా 1986లో స్వదేశంలో జరిగిన ప్రపంచకప్‌లో ఆడారు. మోంటెర్రేలో పశ్చిమ జర్మనీతో క్వార్టర్ ఫైనల్ గోల్ లేకుండా సాగి అదనపు సమయానికి చేరింది. అప్పుడు రెఫరీ ఎర్రకార్డు చూపటంతో ఆయన మైదానం వీడవలసి వచ్చింది. మెక్సికో పెనాల్టీలలో 1-4 తేడాతో ఓడింది. ఆ తరువాత 2022 వరకు జరిగిన ఏ ప్రపంచకప్‌లోనూ మెక్సికో క్వార్టర్ ఫైనల్ గడప తొక్కలేదు. 1994 నుండి 2018 దాకా వరుసగా ఏడుసార్లు ప్రీక్వార్టర్స్‌లోనే వెనుదిరిగింది. 'ఐదవ మ్యాచ్' అన్న మాట అక్కడి అభిమానులకు తీరని కోరికకు మారుపేరైంది.

ఆ ఏడే ఆయన స్పెయిన్‌లోని ఒసాసునా క్లబ్బుకు వెళ్ళారు. కాలు విరిగి, త్వరలోనే స్వదేశం చేరుకున్నారు. 2002లో అదే క్లబ్బుకు కోచ్‌గా తిరిగి వెళ్ళి, 2005లో స్పానిష్ కప్ ఫైనల్‌కు, 2005-06లో లీగ్‌లో నాలుగవ స్థానానికి చేర్చారు. పెద్ద ధనబలం లేని క్లబ్బుకు అది సామాన్యమైన ఫలితం కాదు.

జాతీయ జట్టు సంగతి వేరు. 2001లో అర్హత పోటీలలో తడబడుతున్న జట్టును ఒడ్డుకు చేర్చి, 2002లో ఇటలీ, క్రొయేషియాలున్న గ్రూపులో అగ్రస్థానంలో నిలిపారు. అయితే ప్రీక్వార్టర్స్‌లో అమెరికా చేతిలో 0-2తో ఓటమి. ఆ రోజు అరగంటైనా గడవకముందే రమోన్ మొరాలెస్‌ను తప్పించి లూయిస్ హెర్నాండెజ్‌ను దించిన నిర్ణయాన్ని మెక్సికన్లు చాలాకాలం మరచిపోలేదు. 2009లో స్వెన్ యోరాన్ ఎరిక్సన్ స్థానంలో వచ్చి మరల అర్హత సాధించారు. 2010లో ఫ్రాన్స్‌ను ఓడించినా, అర్జెంటీనా ముందు 1-3తో ఆగిపోయారు. ఆ మ్యాచ్‌లో తెవెజ్ తొలి గోల్ ఆఫ్‌సైడ్ అన్నది నిజమే. కాని చేరిన మెట్టు మాత్రం పాతదే.

క్లబ్బులలోనూ ఆయనది ఇదే వృత్తి. 2022లో దిగజారుతున్న మయోర్కాను నిలబెట్టి, 2024లో స్పానిష్ కప్ ఫైనల్‌కు చేర్చారు. లెగానెస్‌ను మాత్రం 2020లో కాపాడలేకపోయారు. 2011 నాటి ఒక మ్యాచ్‌పై వచ్చిన ఫిక్సింగ్ ఆరోపణ కారణంగా 2015లో జపాన్ జట్టు పదవి పోయింది. 2019లో న్యాయస్థానం నిర్దోషిగా తేల్చింది. పోయిన పదవి మాత్రం తిరిగి రాలేదు.

ఇక పిలిచినవారి సంగతి. 2022 ప్రపంచకప్‌లో మెక్సికో గ్రూపు దశలోనే నిష్క్రమించింది. 1978 తరువాత అటువంటిది అదే మొదలు. మార్తీనో వెళ్ళగా కోక్కా వచ్చారు, కొద్ది నెలలకే ఆయన పోయి లొసానో వచ్చారు, 2024 కోపా అమెరికా పరాజయంతో ఆయనా పోయారు. 2012లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన దేశం 2024 పారిస్ ఒలింపిక్స్‌కు అర్హతే పొందలేదు. 2020 నుండి లీగ్‌లో దిగువ శ్రేణికి పడిపోయే భయాన్ని క్లబ్బుల యజమానులు నిలిపివేయించుకున్నారు. జాతీయ జట్టు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఎక్కువగా డాలర్లు రాలే అమెరికా మైదానాలలోనే జరుగుతాయి. ఈ లెక్కలు ఏ కోచ్ సరిచేయగలడు?

మూడవ పర్యాయం ఆరంభం నెత్తురుతోనే జరిగింది. 2024 నవంబరులో హోండురస్‌లో ఓడిన రోజు ప్రేక్షకుల నుండి వచ్చిన డబ్బా తగిలి ఆయన తల చిట్లింది. నాలుగు రోజులకు తోలుకాలో అదే జట్టుపై మెక్సికో 4-0తో గెలిచింది. 2025 మార్చిలో నేషన్స్ లీగ్, జూలైలో గోల్డ్ కప్ వశమయ్యాయి. పదహారేళ్ళ గిల్బెర్తో మోరాను గోల్డ్ కప్ ఫైనల్‌లో ఆరంభం నుండే ఆడించటం ఆయన ధైర్యానికి గుర్తు. తరువాత సెప్టెంబరు నుండి నవంబరు వరకు ఆరు మ్యాచ్‌లలో ఒక్క విజయం లేదు. కొలంబియా చేతిలో 0-4 పరాజయం వాటిలో ఒకటి.

ఈసారి సమాఖ్య ఒక్క పని ముందుచూపుతో చేసింది. 2002లో అగిర్రె జట్టుకు నాయకుడిగా ఉన్న రఫాయెల్ మార్కెజ్‌ను సహాయకునిగా నియమించి, 2026 ప్రపంచకప్ తరువాత బాధ్యత ఆయనదేనని 2024లోనే ప్రకటించింది. వారసుణ్ణి ముందే ఎంచుకోవటం ఆ సంస్థలో అరుదైన సంగతి. ఒక పరాజయం ఎదురైతే ఆ మాటపై నిలుస్తుందా అన్నదే మా సందేహం.

2025 డిసెంబరులో తీసిన డ్రా, అజ్తెకా మైదానంలో ప్రారంభ మ్యాచ్‌కు మెక్సికో ఎదుట దక్షిణాఫ్రికాను నిలిపింది. 2010లో జోహన్నెస్‌బర్గ్‌లో ప్రారంభ మ్యాచ్ ఆడినవీ ఈ రెండు జట్లే. ఆనాడు 1-1తో ముగిసిన ఆ ఆటలోనూ మెక్సికో కోచ్ అగిర్రెయే.